చివరిసారి క్లాసుకు వచ్చిందెప్పుడు? అమెరికా కాలేజీల్లో ఫెడరల్ సాయం, ఆడిట్ల కథ

అమెరికాలో ఒక కమ్యూనిటీ కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో నేను కొన్నేళ్లు పనిచేశాను. ఆడిటర్లు వస్తున్నారంటే వారం ముందు నుంచే అందరికీ టెన్షన్. మొదటి ఏడాది వాళ్లు డబ్బు గురించే అడుగుతారనుకుని బ్యాంకు స్టేట్‌మెంట్లు, చెల్లింపుల జాబితాలు వరసగా సర్దిపెట్టుకున్నాను. వచ్చినావిడ ముందుగా ఒక విద్యార్థి ఫైలు తీసి, "ఈ అబ్బాయి చివరిసారి క్లాసుకు వచ్చిందెప్పుడు?" అని అడిగారు.

నా దగ్గర జవాబు లేదు. ఆ అబ్బాయి నాలుగు సబ్జెక్టులు తీసుకున్నాడు, నాలుగింట్లోనూ ఫెయిలయ్యాడు. కష్టపడి చదివి ఫెయిలయ్యాడా, సెప్టెంబరులోనే కాలేజీ మానేశాడా అన్నది మార్కుల జాబితా చూస్తే తెలియదు. లెక్చరర్లకు మెయిళ్లు పెట్టి, పాత హాజరు పట్టీలు వెతికించి, ఆ తేదీ పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఫెడరల్ సాయం, అంటే కేంద్ర ప్రభుత్వం చదువుకిచ్చే డబ్బు, దాని ఆడిట్ అంటే ఏమిటో నాకు ఆ రెండు రోజుల్లోనే అర్థమైంది. డబ్బు ఎవరి పేరున వచ్చిందో ఆ మనిషి ఆ రోజుల్లో నిజంగా చదువుకుంటున్నాడా? వాళ్ల అసలు ప్రశ్న ఇదే. వందల పేజీల రూల్స్‌లో చాలాభాగం దీని చుట్టూ అల్లుకున్నవే.

ముందుగా ఆ డబ్బు సంగతి. 1965 నవంబరు 8న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ టెక్సస్‌లో తాను చదువుకున్న కాలేజీకే వెళ్లి ఉన్నత విద్యా చట్టం మీద సంతకం పెట్టారు. విద్యార్థుల సాయం సంగతంతా ఆ చట్టంలో నాలుగో భాగంలో ఉంటుంది. అందుకే ఆఫీసుల్లో ఆ డబ్బును "టైటిల్ ఫోర్" అంటారు. తిరిగి కట్టక్కర్లేని పెల్ గ్రాంట్, తిరిగి కట్టాల్సిన డైరెక్ట్ లోన్లు, క్యాంపస్‌లో పనిచేసి సంపాదించుకునే వర్క్ స్టడీ అందులో ముఖ్యమైనవి. 2025-26కి పెల్ గ్రాంట్ గరిష్ఠంగా 7,395 డాలర్లు. అన్నీ కలిపి ఏటా సుమారు 12,000 కోట్ల డాలర్లు కాలేజీల దారిన విద్యార్థులకు వెళ్తున్నాయి. ఇప్పటిదాకా పేరుకున్న విద్యా రుణాల బాకీ 1.6 లక్షల కోట్ల డాలర్లకు పైమాటే.

ఈ డబ్బు నడిచే దారి తెలిస్తేనే ఆడిట్ ఎందుకో తెలుస్తుంది. సాయం విద్యార్థి పేరున మంజూరవుతుంది. జమయ్యేది మాత్రం కాలేజీ ఖాతాలో. కాలేజీ తన ఫీజు మినహాయించుకుని, మిగిలింది 14 రోజుల్లోగా విద్యార్థికి ఇచ్చేయాలి. ఇచ్చేవాడు ఒకరు, పుచ్చుకునేవాడు ఇంకొకరు, మధ్యలో చేతులు మార్చేది కాలేజీ. చట్టం దృష్టిలో కాలేజీ ఈ డబ్బుకు ధర్మకర్త. గుడి సొమ్ముకు ధర్మకర్త ఎలా లెక్క చెప్పాలో, కాలేజీ కూడా పైసా పైసాకూ అలా లెక్క చెప్పాలి.

మరి ప్రైవేటు కాలేజీల లెక్కలు అడగడానికి ప్రభుత్వానికి ఏం హక్కు? ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పెన్సిల్వేనియాలోని గ్రోవ్ సిటీ కాలేజీ, "మేం ప్రభుత్వం దగ్గర డబ్బు తీసుకోవడం లేదు, మా విద్యార్థులు తీసుకుంటున్నారు, కాబట్టి మీ షరతులు మాకు వర్తించవు" అని వాదించింది. విద్యార్థికి ఇచ్చిన గ్రాంటు కాలేజీకి అందిన సాయమే అని 1984లో కోర్టు తేల్చింది. ఆ తర్వాత గ్రోవ్ సిటీ ఒక్కో పథకం నుంచీ బయటికి వచ్చేసి, ఇప్పటికీ ఫెడరల్ సాయం ముట్టుకోకుండానే నడుస్తోంది. అలా నడవగలిగే కాలేజీలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. మిగతావాటికి ఈ డబ్బు ఆగితే ఊపిరి ఆగినట్టే.

మూడు కళ్లు

ఈ నిఘాకు మూడు కళ్లున్నాయి. కాలేజీ నడపడానికి అనుమతి ఇచ్చేది రాష్ట్రం. చదువు నాణ్యత చూసేది అక్రెడిటేషన్ సంస్థ. డబ్బు నిర్వహణ చూసేది ఫెడరల్ విద్యాశాఖ. మూడింటిలో ఏ ఒక్కటి కాదన్నా సాయం రాదు.

దీని వెనక చేదు అనుభవాలున్నాయి. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల చదువుకు 1944లో జీఐ బిల్లు కింద డబ్బిచ్చారు. ఆ డబ్బు కోసం ఊరూరా అరకొర బడులు పుట్టుకొచ్చాయి. దాంతో 1952లో, నమ్మదగిన అక్రెడిటేషన్ సంస్థల జాబితాను ప్రభుత్వం ప్రకటించాలని చట్టం చేశారు. తర్వాత 1980ల చివర్లో విద్యా రుణాల ఎగవేతలు మితిమీరాయి. 1990లో చెల్లింపులు మొదలుపెట్టాల్సిన వాళ్లలో 22.4 శాతం మంది ఎగ్గొట్టారు. సెనెటర్ శామ్ నన్ ఆధ్వర్యంలో విచారణలు జరిగాయి. 1992లో చట్టాన్ని సవరించి రూల్స్ బిగించారు. లాభం కోసం నడిచే కాలేజీలకు ఆదాయమంతా ఫెడరల్ ఖజానా నుంచే రాకూడదన్న నియమం అప్పుడు పుట్టిందే. మొదట 85 శాతం పరిమితి పెట్టారు. 1998లో దాన్ని 90కి సడలించారు. మాజీ సైనికులకిచ్చే సాయాన్ని ఆ 90లో కలపకపోవడంతో కొన్ని కాలేజీలు వాళ్లకే గాలం వేశాయి. ఆ సందును 2021లో చట్టంతో మూసి, 2023 నుంచి అమల్లో పెట్టారు. ఈ రూల్స్ ఎంత చిక్కుగా కనిపించినా, ప్రతి దాని వెనకా ఎవరో ఒకరు మోసపోయిన కథ ఉంటుంది. ఆఫీసులో విసుగొచ్చినప్పుడల్లా నేను అది గుర్తుచేసుకునేవాణ్ని.

సాయం కావాలంటే కాలేజీ అధ్యక్షుడు విద్యాశాఖతో భాగస్వామ్య ఒప్పందం మీద సంతకం చేయాలి. డబ్బుతో నేరుగా సంబంధం లేని షరతులు కూడా ఆ సంతకంతో వచ్చేస్తాయి. ఏటా సెప్టెంబరు 17న రాజ్యాంగ దినం జరపాలి. విద్యార్థుల ఆర్థిక వివరాలు హ్యాకర్ల చేతిలో పడకుండా కాపాడాలి. క్యాంపస్‌లో జరిగిన నేరాల లెక్కలు ఏటా అక్టోబరు 1లోగా బయటపెట్టాలి.

ఈ చివరిది క్లెరీ చట్టం. 1986లో లీహై యూనివర్సిటీ హాస్టల్ గదిలో జీన్ క్లెరీ అనే 19 ఏళ్ల అమ్మాయిని హత్య చేశారు. క్యాంపస్‌లో అంతకుముందు జరిగిన నేరాల గురించి తమకెవరూ చెప్పలేదని ఆమె అమ్మానాన్నలు పోరాడితే 1990లో ఈ చట్టం వచ్చింది. దీన్ని ఉల్లంఘించినందుకు 2024 మార్చిలో లిబర్టీ యూనివర్సిటీకి 1.4 కోట్ల డాలర్ల జరిమానా పడింది. ఈ చట్టం కింద అప్పటికి అంత పెద్ద జరిమానా ఎవరికీ పడలేదు.

ఆడిట్ ఎవరు చేస్తారు?

ప్రభుత్వ కాలేజీలకు, లాభాపేక్ష లేని ప్రైవేటు కాలేజీలకు "సింగిల్ ఆడిట్" ఉంటుంది. 1984 చట్టంతో వచ్చిన పద్ధతి ఇది. అంతకుముందు ఒకే సంస్థకు ఒక్కో ఫెడరల్ శాఖ నుంచి ఒక్కో ఆడిటరు వచ్చేవారు. అన్నిటికీ కలిపి ఒకటే చేద్దామన్నది దీని ఉద్దేశం. ఏడాదికి 7.5 లక్షల డాలర్ల ఫెడరల్ నిధులు ఖర్చు చేసే ప్రతి సంస్థా దీని కిందికి వచ్చేది. 2024 అక్టోబరు 1 నుంచి మొదలయ్యే ఆర్థిక సంవత్సరాలకు ఆ పరిమితిని 10 లక్షలకు పెంచారు. ఆర్థిక సంవత్సరం ముగిసిన తొమ్మిది నెలల్లోగా రిపోర్టు అందాలి. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. రిస్కు తక్కువ అనిపించిన పెద్ద పథకాన్ని ప్రతి ఏడాదీ లోతుగా చూడక్కర్లేదు. మూడేళ్లకు ఒకసారి చూస్తే చాలు. లాభం కోసం నడిచే కాలేజీలకు ఈ వెసులుబాటు లేదు. వాటికి విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ (శాఖలో అక్రమాల మీద నిఘా పెట్టే స్వతంత్ర అధికారి) రాసిన వేరే గైడు, ఆరు నెలల గడువు.

ఈ ఆడిట్ చేసేది లైసెన్సున్న ప్రైవేటు అకౌంటెంట్ల సంస్థ లేదా రాష్ట్ర ఆడిటరు. ప్రైవేటు సంస్థ అయితే ఫీజు ఇచ్చేది కాలేజీయే. పరీక్ష రాసేవాడే పరీక్షకుడికి జీతం ఇస్తున్నట్టుందని అనిపించవచ్చు. ఆ అనుమానంలో న్యాయం ఉంది. అందుకే విద్యాశాఖ అధికారులు తామే వచ్చి చేసే ప్రోగ్రాం రివ్యూ వేరే ఉంటుంది. ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం చేసే దర్యాప్తులు కూడా వేరే.

ఆడిటరు కొన్ని పదుల మంది విద్యార్థులను నమూనాగా ఎంచుకుంటారు. ఆదాయ వివరాల వెరిఫికేషన్ జరిగిందా? చదువులో తగిన పురోగతి ఉందా? అంటే 120 క్రెడిట్ల డిగ్రీకి 180 క్రెడిట్లు ప్రయత్నించేలోపు పూర్తి చేయగలరా? సాయం మంజూరు చేసే చెయ్యి, డబ్బు ఇచ్చే చెయ్యి వేర్వేరుగా ఉన్నాయా? ఇవన్నీ చూస్తారు. ఎక్కువ తప్పులు దొరికేది మాత్రం మధ్యలో మానేసిన విద్యార్థుల దగ్గరే.

ఒక విద్యార్థి, 105 రోజులు

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. సెమిస్టరు 2025 ఆగస్టు 25న మొదలై డిసెంబరు 12న ముగుస్తుందనుకుందాం. మొత్తం 110 రోజులు. శని, ఆదివారాలు కూడా లెక్కలోకి వస్తాయి. థ్యాంక్స్‌గివింగ్‌కు నవంబరు 26 బుధవారం నుంచి 30 ఆదివారం దాకా క్లాసులు లేవు. వరసగా ఐదు రోజులు లేదా అంతకన్నా ఎక్కువ సెలవులుంటే వాటిని తీసేయాలన్నది రూల్. కాబట్టి మిగిలింది 105 రోజులు.

మన విద్యార్థినికి 3,000 డాలర్ల పెల్ గ్రాంట్, 2,000 డాలర్ల లోన్ వచ్చాయి. కాలేజీ ఫీజు 4,000. మిగిలిన 1,000 ఆమె చేతికిచ్చారు. అక్టోబరులో ఆమె ఎవరికీ చెప్పకుండా కాలేజీ మానేసింది. ఆన్‌లైన్ కోర్సు రికార్డు చూస్తే అక్టోబరు 20న లాగిన్ అయినట్టుంది. కానీ లాగిన్ అయితే చదువుకున్నట్టు కాదని రూల్ స్పష్టంగా చెబుతోంది. అసైన్‌మెంట్ ఇవ్వడమో, పరీక్ష రాయడమో, చర్చలో పాల్గొనడమో ఉండాలి. ఆమె చివరి అసైన్‌మెంట్ అప్‌లోడ్ చేసింది అక్టోబరు 5 రాత్రి. అది సెమిస్టరులో 42వ రోజు. 105లో 42 అంటే సరిగ్గా 40 శాతం.

అంటే వచ్చిన 5,000 డాలర్లలో ఆమె "సంపాదించుకున్నది" 2,000. మిగతా 3,000 వెనక్కి వెళ్లాలి. అందులో కాలేజీ వాటా, ఆమె చదవని రోజుల లెక్కన ఫీజులో 60 శాతం, అంటే 2,400 డాలర్లు. ముందు లోన్ తీర్చాలి, తర్వాతే గ్రాంటు. కాబట్టి 2,000 లోన్‌కు, 400 పెల్‌కు పోతాయి. మిగిలిన 600 విద్యార్థిని బాధ్యత. అయితే గ్రాంటులో సగం వరకు ఆమెకు రక్షణ ఉంది కాబట్టి, ఆ 600 ఆమె కట్టక్కర్లేదు. మానేసిందని కాలేజీ గుర్తించిన రోజు నుంచి 45 రోజుల్లోగా తన 2,400 కాలేజీ వెనక్కి కట్టేయాలి. అలా కట్టిన సొమ్మును చాలా కాలేజీలు విద్యార్థి ఖాతాలో బాకీగా రాస్తాయి. ఆ పిల్లకు నెలల తర్వాత 2,400 డాలర్ల బిల్లు వస్తుంది. సాయం వచ్చింది కదా, ఇదేంటని ఫోన్ చేసి ఏడ్చినవాళ్లను నేను చూశాను.

ఇప్పుడు చిన్న తప్పు చేసి చూడండి. కంప్యూటరులో క్యాలెండరు ఎక్కించిన ఉద్యోగి సెలవులు గురువారం నుంచి మొదలని వేశాడు. నాలుగు రోజులే అయ్యాయి కాబట్టి సెలవులు తీసేయలేదు. ఇప్పుడు లెక్క 110లో 42, అంటే 38.2 శాతం. కాలేజీ కట్టాల్సింది 2,472 అవుతుంది. తేడా 72 డాలర్లే. కానీ ఆ సెమిస్టరులో మానేసిన ప్రతి విద్యార్థి లెక్కా తప్పే. ఆడిటరు నమూనాలో ఇలాంటిది దొరికితే, మానేసిన వాళ్లందరి ఫైళ్లూ తిరగతోడమని విద్యాశాఖ అడగవచ్చు. ఒక్క బుధవారం తప్పుగా వేసినందుకు వందల ఫైళ్లు మళ్లీ తెరవాలి.

ఇంకో మలుపు కూడా ఉంది. 60 శాతం రోజులు దాటితే సాయం మొత్తం సంపాదించుకున్నట్టే లెక్క. మన ఉదాహరణలో ఆ రోజు అక్టోబరు 27. ఆ పిల్ల ఇంకో మూడు వారాలు ఓపిక పట్టి ఉంటే ఏ బిల్లూ వచ్చేది కాదు. ఈ ఒక్క తేదీని సెమిస్టరు మొదట్లోనే విద్యార్థులకు చెప్పే కాలేజీలు ఎన్ని ఉన్నాయి? ఆడిట్‌కు ఈ ప్రశ్నతో పనిలేదు. నాకైతే ఆఫీసు చేయాల్సిన మొదటి పని అదే అనిపిస్తుంది.

మానేసిన సంగతిని జాతీయ విద్యార్థి రుణాల డేటాబేసుకు కూడా పంపాలి. ఆడిట్లలో ఏటా ముందు వరసలో కనిపించే ఫైండింగ్ (ఆడిటరు పట్టుకుని రాసిన తప్పు) ఇదే: పంపలేదు, లేదా ఆలస్యంగా పంపారు, లేదా తప్పు తేదీ వేశారు. వినడానికి గుమస్తా పనిలా ఉంటుంది. కానీ లోన్ తీసుకున్న విద్యార్థికి, వాయిదాలు కట్టడానికి ముందు ఇచ్చే ఆరు నెలల గడువు మొదలయ్యేది ఆ తేదీ నుంచే. తేదీ ఆలస్యంగా వెళ్తే, కట్టాల్సిన రోజు ఎప్పుడొచ్చిందో తెలియకుండానే వచ్చేస్తుంది.

ఆడిట్ చూడలేనివి

ఇంత పకడ్బందీగా ఉన్నా పెద్ద పతనాలు ఆగలేదు. కొరింథియన్ కాలేజెస్ అనే సంస్థకు దేశమంతటా వందకు పైగా క్యాంపస్‌లు, 70 వేలకు పైగా విద్యార్థులు ఉండేవారు. దానికీ ఏటా ఆడిట్లు జరిగాయి, అక్రెడిటేషన్ ఉంది, రాష్ట్రాల అనుమతులున్నాయి. చదివినవాళ్లకు ఉద్యోగాలు వస్తున్నాయని అది చెప్పుకున్న లెక్కలు అబద్ధాలు. 2014 జూన్‌లో విద్యాశాఖ దాని డబ్బును 21 రోజులు ఆలస్యంగా ఇస్తామంది. అంతే, సంస్థ కూలబడింది. అంత పెద్ద సంస్థ దగ్గర మూడు వారాలకు సరిపడా సొంత డబ్బు కూడా లేదు. 2015 ఏప్రిల్‌లో దాని హీల్డ్ కాలేజీ మీద దాదాపు 3 కోట్ల డాలర్ల జరిమానా వేశారు. అదే నెలాఖరున మిగిలిన క్యాంపస్‌లన్నీ ఒక్కసారిగా మూతపడ్డాయి. చివరికి 2022 జూన్‌లో 5.6 లక్షల మంది అప్పులు, 580 కోట్ల డాలర్లు, ప్రభుత్వమే రద్దు చేయాల్సి వచ్చింది.

ఆడిట్ అడిగేది "ఈ అమ్మాయి క్లాసులో ఉందా?" అని. "ఆ క్లాసులో ఏమైనా నేర్పారా?" అని అడగాల్సింది అక్రెడిటేషన్ సంస్థ. కొరింథియన్‌కు, ఆ తర్వాత 2016లో మూతపడ్డ ఐటీటీ టెక్‌కు అక్రెడిటేషన్ ఇచ్చిన సంస్థల్లో ఒకటి ఏసీఐసీఎస్. దాని గుర్తింపును 2016లో తీసేశారు, 2018లో తిరిగిచ్చారు, 2022 ఆగస్టులో మళ్లీ తీసేశారు.

దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ వెస్టర్న్ గవర్నర్స్ యూనివర్సిటీది. 19 రాష్ట్రాల గవర్నర్లు కలిసి పెట్టిన లాభాపేక్ష లేని ఆన్‌లైన్ యూనివర్సిటీ ఇది. దాని కోర్సుల్లో లెక్చరరుకూ విద్యార్థికీ మధ్య క్రమం తప్పని, అర్థవంతమైన సంభాషణ లేదనీ, అవి నిజానికి కరస్పాండెన్స్ కోర్సులేననీ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2017 సెప్టెంబరులో తేల్చారు. విద్యార్థుల్లో సగం లేదా అంతకన్నా ఎక్కువ మంది కరస్పాండెన్స్ కోర్సుల్లో ఉన్న కాలేజీకి సాయం రాదు. కాబట్టి 71 కోట్ల డాలర్లకు పైగా వెనక్కి కట్టించాలని సిఫార్సు చేశారు. 2019 జనవరిలో విద్యాశాఖ దాన్ని తిరస్కరించింది. రూల్ స్పష్టంగా లేదని, యూనివర్సిటీ మంచి ఉద్దేశంతోనే నడుచుకుందని చెప్పింది. 2021లో ఆ "సంభాషణ" అంటే ఏమిటో కొత్తగా నిర్వచించారు. నా అభిప్రాయంలో ఇద్దరి మాటా కొంత సరైనదే. చట్టంలో రాసిన మాటలు మారుతున్న చదువు వెనక పరుగెత్తుతుంటే ఇలాంటి తగాదాలు తప్పవు.

చదివాక జీతం ఎంత వస్తోంది అన్న కొలమానం ఇప్పుడు గట్టిగా వస్తోంది. 2025 జులై 4న సంతకమైన చట్టం ప్రకారం, డిగ్రీ చదివినవాళ్ల మధ్యస్థ ఆదాయం, ఇంటర్ స్థాయితో ఆపేసినవాళ్ల ఆదాయం కన్నా మూడేళ్లలో రెండేళ్లు తక్కువగా ఉంటే ఆ కోర్సుకు ఫెడరల్ లోన్లు ఆగిపోతాయి. ఆడిటరు ప్రశ్నకు మరో ప్రశ్న తోడవుతున్నట్టే.

మన ఇళ్లకు దీనితో ఏం పని?

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఎఫ్-1 వీసా మీద వెళ్లిన విద్యార్థికి ఈ సాయంలో ఒక్క డాలరు కూడా రాదు. మరి ఇదంతా ఎందుకు అనిపించవచ్చు. చదువయ్యాక అక్కడే ఉద్యోగం చేసుకోనిచ్చే అనుమతిని (ఓపీటీ), సైన్సు, ఇంజినీరింగ్ లాంటి స్టెమ్ కోర్సులవాళ్లు 24 నెలలు పొడిగించుకోవాలంటే, విద్యాశాఖ గుర్తింపు ఉన్న సంస్థ అక్రెడిటేషన్ ఇచ్చిన కాలేజీలోనే డిగ్రీ చదివి ఉండాలి. హెచ్-1బీ లాటరీలో మాస్టర్స్ కోటా ఉంది కదా, దానికి "కాలేజీ" అంటే ఏమిటో నిర్వచించేది కూడా 1965 నాటి ఆ ఉన్నత విద్యా చట్టమే. ప్రభుత్వ లేదా లాభాపేక్ష లేని కాలేజీ అయి ఉండాలి, డిగ్రీ ఇచ్చే నాటికి అక్రెడిటేషన్ ఉండాలి. ఏసీఐసీఎస్ గుర్తింపు పోయిన 2022 ఆగస్టు 19 తర్వాత దాని కాలేజీల విద్యార్థులకు స్టెమ్ ఓపీటీ దారి మూసుకుపోయింది.

వీసా పత్రాలు ఇచ్చే అనుమతి వేరు, అక్రెడిటేషన్ వేరు, ఫెడరల్ సాయం అర్హత వేరు. ఈ మూడూ ఒకటే అనుకుని దెబ్బతిన్నవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో మూతపడ్డ ట్రై వ్యాలీ యూనివర్సిటీకి వీసా పత్రాల అనుమతి ఉంది, అక్రెడిటేషన్ లేదు. అక్కడ చేరినవాళ్లలో చాలామంది ఆంధ్రప్రదేశ్ పిల్లలే. కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు కట్టిన ఫొటోలు ఇక్కడి అమ్మానాన్నలకు నిద్ర లేకుండా చేశాయి. 2019లో బయటపడ్డ ఫార్మింగ్టన్ మరీ ఘోరం. అది ప్రభుత్వ ఏజెంట్లు వల కోసం పెట్టిన నకిలీ యూనివర్సిటీ. అక్రెడిటేషన్ జాబితాలో కూడా దాని పేరు పెట్టించారు. అందుకే జాబితా ఒక్కటి చూసి ఊరుకోవద్దు. ఆ కాలేజీ ఆడిట్ రిపోర్టు ఉందో లేదో కూడా వెతకండి.

అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్ల ఇళ్లలో సమస్య వేరు. అక్క హైదరాబాద్‌లో పుట్టి హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉంటుంది, తమ్ముడు డాలస్‌లో పుట్టి సిటిజన్. ఒకే ఇల్లు, ఒకే ఆదాయం. అక్కకు ఫెడరల్ సాయం రాదు, తమ్ముడికి అర్హత ఉంది. అమ్మానాన్నల వీసా ఏదైనా సరే, ఆ తమ్ముడి అర్హత పోదు. తమ్ముడి కోసం ఫాఫ్సా, అంటే ఫెడరల్ సాయం దరఖాస్తు, నింపేటప్పుడు చాలామంది తడబడేది ఆస్తుల దగ్గర. ఉంటున్న ఇల్లు చెప్పక్కర్లేదు. కానీ శంషాబాద్ దగ్గర కొన్న ప్లాటు, అమరావతిలో కొన్న స్థలం ఇండియాలో ఉన్నాయి కదా అని వదిలేయకూడదు. ఫారంలో ఆస్తుల ప్రశ్న వచ్చిందంటే, ఇండియాలో ఉన్నా సరే, వాటి విలువను డాలర్లలోకి మార్చి చూపించాలి. తెలిసి తప్పు రాస్తే 20,000 డాలర్ల దాకా జరిమానా, జైలు కూడా పడవచ్చు. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఎవరూ చెప్పకపోవడం వల్లే ఎక్కువ తప్పులు జరుగుతున్నాయి.

2025 మార్చి నుంచి ఇంకో బెంగ పట్టుకుంది. ఫెడరల్ విద్యాశాఖ సిబ్బందిని దాదాపు సగానికి తగ్గిస్తున్నట్టు ఆ నెలలో ప్రకటించారు. జులైలో సుప్రీంకోర్టు దానికి దారి ఇచ్చింది. ఆడిట్లు ఆగవు, కాలేజీలు ఫీజు కట్టి చేయిస్తూనే ఉంటాయి. ఆ రిపోర్టులు చదివి, తప్పు చేసిన కాలేజీని నిలదీసి, మోసపోయిన విద్యార్థి ఫిర్యాదు వినే మనుషులు తగ్గిపోతే ఏమవుతుందన్నది నా బెంగ.

మీరే చదవండి మరి. ఫెడరల్ ఆడిట్ క్లియరింగ్‌హౌస్ వెబ్‌సైటులో ప్రభుత్వ, లాభాపేక్ష లేని కాలేజీల సింగిల్ ఆడిట్ రిపోర్టులు ఉచితంగా దొరుకుతాయి. కాలేజీ పేరు కొట్టండి. మొదటి పేజీల్లోని అంకెల పట్టికలు వదిలేసి, చివర్లో ఉండే ఫైండింగ్స్ భాగానికి వెళ్లండి. ఒక్కో ఫైండింగ్‌కు 2024-001 లాంటి నంబరు ఉంటుంది. కింద ఏం తప్పు జరిగింది, ఎందుకు జరిగింది, ఎలా సరిచేస్తామని కాలేజీ మాటిచ్చింది అన్నవి ఉంటాయి. ఒకట్రెండు ఫైండింగ్స్ ఉన్నంత మాత్రాన కంగారు పడకండి, మంచి కాలేజీలకూ ఉంటాయి. చూడాల్సింది ఆ నంబరు పక్కన "రిపీట్" అన్న మాట, నిరుటి నంబరు. అవి ఉంటే, అంతకుముందు ఏడాది రిపోర్టు కూడా తెరిచి, అప్పుడు ఏమని మాటిచ్చారో చదవండి.